మూడో అంతస్తులో జలసంధి

మా యూనివర్సిటీకి కొత్తగా వచ్చిన వైస్ చాన్సలర్ గారు సిద్ధాంతాలు చెప్పడం మానేయమన్నారు. బతికి చూపించమన్నారు.

ఆయన సొంత చదువు పశువుల మేతకు సంబంధించింది. ఆ శాస్త్రంలో ఏం చెప్పినా గేదె తిని చూపిస్తుంది. పాలు పెరిగితే సిద్ధాంతం ఒప్పు, తరిగితే తప్పు. మిగతా శాస్త్రాలకు ఈ భాగ్యం ఎందుకు లేదని ఆయనకు ఎప్పట్నించో బాధట. వచ్చిన వారంలోనే సర్క్యులర్ తీశారు. "ఏ శాఖ ఏ సిద్ధాంతమును బోధించుచున్నదో, ఆ శాఖ ఈ సెమిస్టరు పర్యంతము ఆ సిద్ధాంతము ననుసరించి జీవించవలెను. జీవించని శాఖల మనుగడ పునఃపరిశీలించబడును."

మనుగడ అనగానే అందరూ పరుగులు పెట్టారు. మా కింది అంతస్తులో ఉన్న చరిత్ర శాఖ వాళ్ళు పద్నాలుగో శతాబ్దాన్ని ఎంచుకుని ఫ్యాన్లు పీకించేశారు, ఆ కాలంలో ఉండేవి కావన్న కారణంతో బాత్రూములకు తాళాలు వేశారు. అర్థశాస్త్రం వాళ్ళు క్యాంటీన్‌లో ఇడ్లీని వేలంపాట పాడి కొనడం మొదలెట్టారు. మనస్తత్వశాస్త్రానికి మాత్రం మినహాయింపు దొరికింది. వాళ్ళు మొదట్నించీ అలాగే ఉన్నారని వైస్ చాన్సలర్ గారు వేసిన కమిటీ తేల్చింది.

మాది మూడో అంతస్తు. అంతర్జాతీయ సంబంధాల శాఖ. ముగ్గురు ప్రొఫెసర్లు, పదముగ్గురు ఎమ్మే విద్యార్థులు, ఒక అటెండరు, ఒక సెమినార్ హాలు, వసారా చివర రెండు అరలున్న ఒకే ఒక్క బాత్రూమ్, నేను. నా పేరు కృపావతి. నా పరిశోధన అంతా అయిపోయి, థీసిస్ ఇచ్చేసి, వైవా కోసం ఎదురుచూస్తున్న రోజులవి. ఊరికే ఎదురుచూడటం కాదు. నాకు ప్రభుత్వ డిగ్రీ కాలేజీలో లెక్చరర్ ఉద్యోగం వచ్చింది. పీహెచ్‌డీ అయినట్టు కాగితం పట్టుకెళ్ళి సోమవారంలోగా చేరాలి. లేకపోతే వెయిటింగ్ లిస్టులో నా తరవాత ఉన్నాయన చేరతాడు. ఆయన చాలా మర్యాదస్తుడు. రోజూ పొద్దున్నే ఫోన్ చేసి, "వైవా అయిందా మేడమ్? ఏమన్నా ఆటంకాలున్నాయా?" అని ఆశగా అడుగుతాడు. వైవా శుక్రవారానికి పెట్టారు.

ఆ వారం మొదట్లోనే మా హెడ్ వీరభద్రం గారు అత్యవసర సమావేశం పిలిచారు. ఆయన వాస్తవికవాది. ప్రపంచంలో బలమే నిజం, మిగతాదంతా ప్రెస్‌నోటు అని ముప్పై ఏళ్ళుగా నమ్ముతూ, పెళ్ళిపందిట్లో కూడా గోడకు వీపు ఆనించి కూర్చునే మనిషి.

"అంతర్జాతీయ వ్యవస్థ ప్రథమ లక్షణం ఏమిటి?" అనడిగారు.

"అరాచకం సార్," అన్నారు ఎమ్మే పిల్లలు ముక్తకంఠంతో.

"అనగా?"

"రాజ్యాల పైన ఎవరూ ఉండరు సార్."

"కావున," అని లేచి నుంచున్నారు, "ఈ క్షణం నుంచి ఈ శాఖకు హెడ్ లేడు. ప్రతి గదీ సార్వభౌమ రాజ్యం. గురవయ్యా, స్క్రూడ్రైవర్ పట్రా."

గురవయ్య మా అటెండరు. తెచ్చిచ్చాడు. వీరభద్రం గారు తన గుమ్మం పైనున్న 'శాఖాధిపతి' బోర్డును స్వహస్తాలతో ఊడదీసి బల్ల కింద పెట్టేశారు. సిద్ధాంతం కోసం కుర్చీ వదులుకున్న మొదటి ప్రొఫెసరని పిల్లలు చప్పట్లు కొట్టారు. కుర్చీ ఎక్కడికీ పోలేదు, ఆయన దాన్లోనే కూర్చున్నారు. ఏసీ రిమోట్ కూడా ఆయన దగ్గరే ఉండిపోయింది. అగ్రరాజ్యం అంటే అదే కదా.

"సార్, మరి శుక్రవారం నా వైవా? రిజల్టు కాగితం మీద హెడ్ సంతకం ఉండాలి గదా?" అన్నాను.

"అది ద్వైపాక్షికంగా పరిష్కరించుకోవలసిన అంశం," అన్నారాయన, నాతో ఎన్నడూ పరిచయం లేనట్టు.

ఎమ్మే పిల్లలు ఈ సిద్ధాంతాన్ని ప్రేమించినట్టు ఇంతవరకూ ఏ సిద్ధాంతాన్నీ ప్రేమించలేదు. మర్నాడే తలా ఒక దేశమని ప్రకటించుకున్నారు. హాజరు పిలిస్తే అంతర్గత వ్యవహారాల్లో జోక్యం అన్నారు. అసైన్‌మెంట్ అడిగితే రహస్య పత్రం అన్నారు. ఇంటర్నల్ పరీక్ష పెడతామంటే దురాక్రమణగా పరిగణిస్తామన్నారు. హాస్టల్లో పడుకుని సార్వభౌమాధికారం అనుభవించారు.

మా గైడ్ హైమవతి మేడమ్ ఉదారవాది. కలిసి వ్యాపారం చేసుకునే దేశాలు కొట్టుకోవని ఆవిడ నమ్మకం. ఆవిడ గదిలో కరెంటు కెటిల్ ఉంది. "టీ కలిసి తాగినవాళ్ళ మధ్య యుద్ధం రాదు కృపా, చరిత్ర చెబుతోంది," అని పొద్దుటినుంచీ సాయంత్రం దాకా అందరికీ టీ పంపేది. వద్దంటే ఒప్పుకునేది కాదు, వాణిజ్య ఆంక్షలంటూ బాధపడేది.

మూడో ఆయన మస్తాన్ వలి గారు, నిర్మాణవాది. లోకంలో ఏదీ దానంతటది లేదని, మనం అలా అనుకోబట్టే అలా ఉందని ఆయన వాదన. శత్రువు అనుకుంటే శత్రువు, స్నేహితుడనుకుంటే స్నేహితుడు. ఆయన గదికి ఏసీ లేదు. "వేడి అనేది మనం ఒప్పుకుంటేనే వేడి," అంటూ కర్చీఫు పిండుకుంటూ ఉండేవారు.

గొడవ బీరువాతో మొదలైంది. మంగళవారం వీరభద్రం గారు తన గుమ్మం పక్కన ఒక పాత ఇనప బీరువా పెట్టించారు. పరీక్షల విభాగం వాళ్ళు పాతసామాన్ల కింద తీసేసిన బీరువాలు మెట్ల కింద బోలెడన్ని పడున్నాయిలెండి. "ఇది పూర్తిగా ఆత్మరక్షణ నిమిత్తం," అని ప్రకటన చేశారు. అది చూసి హైమవతి మేడమ్‌కు నిద్ర పట్టలేదు. "ఆత్మరక్షణంటే, ఎవరినుంచట? నేనే కదా ఎదురుగా ఉంది!" అని రెండు పెట్టించింది. దాంతో వీరభద్రం గారు మూడు పెట్టించారు. ఇద్దరూ బీరువాలు పెంచుకుంటూ పోతుంటే తను ఊరుకుంటే తన అస్తిత్వం ఏమవుతుందని మస్తాన్ వలి గారు కూడా ఒకటి పెట్టించి, "ఇది బీరువా కాదు, అస్తిత్వ చిహ్నం," అన్నారు.

మోసేది గురవయ్య. "ఈ దేశాల మూలాన నా నడుం పోయిందమ్మా," అని గోడకు ఆనుకుని మూలిగాడు. "యుద్ధమన్నా చేసుకుంటే ఓ పూటలో అయిపోయేదిగా! ఈ శాంతి నావల్ల కావట్లేదు."

గురువారానికి వసారా నిండిపోయింది. సెమినార్ హాలు నాదంటే నాదని ముగ్గురూ తలుపుకు అడ్డంగా తలో బీరువా దించారు. బాత్రూమ్ వైపు వెళ్ళడానికి రెండు బీరువాల మధ్య ఒక మనిషి పట్టేంత సందు మాత్రం మిగిలింది. లావుపాటి మనిషైతే పక్కకు తిరిగి, ఊపిరి బిగబట్టి వెళ్ళాలి.

ఇంత ఆయుధ సంపత్తి పోగైనా ఎవరూ ఎవరి మీదా కలబడలేదు. ఎందుకంటే ముగ్గురి దగ్గరా అణ్వస్త్రం ఉంది. అంటే సమాచార హక్కు దరఖాస్తు. ఒకరి సెమినార్ ప్రయాణాల బిల్లుల మీద ఇంకొకరు టైపు చేయించి, సంతకం పెట్టి, సొరుగులో సిద్ధంగా ఉంచుకున్నారు. ఒకరు వేస్తే మిగతా ఇద్దరూ వేస్తారు. శాఖ బూడిదవుతుంది. "మేము మొదట ప్రయోగించం," అని ముగ్గురూ టీ తాగుతూ ఒకరికొకరు హామీలిచ్చుకున్నారు, సొరుగు మీద చెయ్యి తీయకుండా.

నేను మాత్రం తలుపు తలుపుకూ తిరిగాను. "సార్, రేపు వైవా. హాలు తెరవండి," అని వీరభద్రం గారిని బతిమాలితే, "నా దళాలు వెనక్కి తగ్గితే ఆవిడ దళాలు ముందుకొస్తాయమ్మా," అన్నారు. హైమవతి మేడమ్ త్రైపాక్షిక టీ సమావేశం పెడదామంది. మస్తాన్ వలి గారైతే, "హాలెందుకమ్మా? నలుగురం హాల్లో ఉన్నామనుకుంటే అదే హాలు," అన్నారు. ఆయన మాటే నెగ్గింది. వైవా వసారాలో.

శుక్రవారం పొద్దున్నే వెయిటింగ్ లిస్టాయన ఫోన్ చేసి ఆల్ ది బెస్ట్ చెప్పాడు. గొంతులో దిగులు దాచుకోలేకపోయాడు పాపం.

బయటి పరీక్షకులుగా చక్రధరరావు గారు వచ్చారు. రిటైరైన పెద్దమనిషి, షుగరుంది, చేతిలో మందుల సంచీ. ఈయనన్నా వచ్చి వీళ్ళకు గడ్డి పెడతారని రాత్రంతా మొక్కుకున్నాను. మెట్లెక్కి వచ్చి బీరువాలు చూసి, విషయం కనుక్కుని, ఆయన కళ్ళు చెమర్చాయి.

"నలభై ఏళ్ళు బోధించానండీ. కళ్ళారా చూస్తాననుకోలేదు," అన్నారు. "మరి నా స్థానం ఏమిటి?"

"మీరు అంతర్జాతీయ సంస్థ సార్," అంది హైమవతి మేడమ్ ఆప్యాయంగా.

ఆయన పొంగిపోయారు. అప్పట్నించీ వాళ్ళు ఏం చేసినా తీవ్ర ఆందోళన వ్యక్తం చేశారు తప్ప వేలు కదిపింది లేదు.

గురవయ్య ముగ్గురు ప్రొఫెసర్లకూ వాళ్ళ వాళ్ళ గుమ్మాల్లోనే కుర్చీలేశాడు, సరిహద్దు దాటకుండా. పరీక్షకుల వారికి మధ్యలో బల్ల వేశాడు. ఇక నాకు చోటు లేదు. అటు చూసి ఇటు చూసి, నా కుర్చీని ఆ బీరువాల మధ్య సందులో ఇరికించాడు. "సర్దుకోండమ్మా, గంటలో అయిపోద్ది," అన్నాడు.

నా థీసిస్ చిన్న దేశాల మీద. బలం లేని దేశం అడ్డుపడి ఏదీ సాధించలేదని, ఓపికగా నచ్చజెప్పి, సహకరించి మాత్రమే సాధిస్తుందని ఆరు అధ్యాయాల్లో రాశాను. అడిగిందల్లా చెప్పాను. చక్రధరరావు గారు తల ఊపుతూనే ఉన్నారు. హైమవతి మేడమ్ మొదటి ప్రశ్నకొక టీ, మూడో అధ్యాయానికొక టీ, ముగింపుకొక టీ చొప్పున పంపింది. వీరభద్రం గారు శత్రుదేశపు టీ తాగనని మొదట భీష్మించుకున్నా, అవతలివాళ్ళు తాగుతుంటే తాను వెనకబడిపోతానని రెండేసి కప్పులు తాగారు.

"చాలా బాగుంది," అన్నారు చక్రధరరావు గారు. "నా వైపు నుంచి అభ్యంతరం లేదు. ఏకాభిప్రాయమేనా?"

"వీటో," అన్నారు వీరభద్రం గారు.

"ఏం తప్పు రాశాను సార్?" అన్నాను.

"నీ మీద నాకేం కోపం లేదమ్మా కృపా. బంగారంలాంటి థీసిస్సు. కానీ నువ్వు పాసైతే హైమవతి గారి ఖాతాలో పీహెచ్‌డీలు ఏడవుతాయి, నావి ఆరు. శక్తి సంతులనం దెబ్బతింటుంది. నా ఆఖరి విద్యార్థి కూడా పూర్తిచేశాక, వచ్చే ఏడాది ఇద్దర్నీ ఒకేసారి విడుదల చేసుకుందాం."

"సార్, సోమవారం నా ఉద్యోగం పోతుంది!"

"చిన్న దేశాల విషాదం అదే," అన్నారాయన నిజంగానే జాలిపడుతూ.

మస్తాన్ వలి గారి వైపు తిరిగాను. "పాసనేది మనందరం పాసనుకుంటే పాసమ్మా," అని ఆయన తటస్థంగా ఉండిపోయారు. హైమవతి మేడమ్ ఇంకో రౌండు టీ పెట్టిస్తానంది. పరీక్షకుల వారు తీవ్ర ఆందోళన వ్యక్తం చేశారు.

నాకు ఏడుపొచ్చేసింది. ఎన్ని రాత్రుళ్ళు కూర్చుని రాశానో! బీరువాకు తల ఆనించి ఏడ్చాను. వాళ్ళకు అది అంతర్గత వ్యవహారంలా కనిపించిందో ఏమో, ఎవరూ జోక్యం చేసుకోలేదు. ఏడ్చి ఏడ్చి తల ఎత్తేసరికి మస్తాన్ వలి గారు నా ఎదురుగా నిలబడి ఉన్నారు.

"కాస్త లేమ్మా, అటు వెళ్ళాలి," అన్నారు.

లేవబోయాను. సగం లేచి చూద్దును కదా, ఆయన వెనకాల చక్రధరరావు గారు, ఆయన వెనకాల వీరభద్రం గారు. ముగ్గురి మొహాల్లోనూ ఒకే భావం. శాఖ చరిత్రలో మొదటిసారి ఏకాభిప్రాయం. నేను మళ్ళీ కూర్చున్నాను.

"లేవను సార్," అన్నాను.

"లేవకపోవడమేంటమ్మా?"

"ఈ రెండు బీరువాల మధ్య జాగా మీ ముగ్గురిలో ఎవరిదీ కాదు. అంచేత నాది. ఇది జలసంధి. ఈ పూట నుంచి ఇది స్వతంత్ర దేశం."

పాపం, మస్తాన్ వలి గారు నవ్వబోయి, నవ్వితే ప్రమాదమని ఆపుకున్నారు.

"సార్," అన్నాను వినయంగా, "వెళ్ళాలి అనేది కూడా మనం అనుకోబట్టే కదండీ? అనుకోకుండా చూడండి."

ఆయన కళ్ళు మూసుకుని నిజాయితీగా ప్రయత్నించారు. మంచి మనిషి. చెమటలు పట్టాయి. కళ్ళు తెరిచి, "లేదమ్మా, ఇది మాత్రం ఉంది. మనం అనుకున్నా అనుకోకపోయినా ఉంది," అని ఒప్పేసుకున్నారు. "నీకు నా గుర్తింపు ఇస్తున్నాను. పాస్!"

సంతకం పెట్టించుకుని కుర్చీ పక్కకు జరిపాను. ఆయన పరిగెత్తారు. తిరిగొచ్చాక హైమవతి మేడమ్ వచ్చింది. మా గైడే గనక మిత్రదేశం కింద వెంటనే వదిలాను. ఆ వదలడం చూసి వీరభద్రం గారి మొహం కందగడ్డయింది.

"ఆవిడకో న్యాయం, నాకో న్యాయమా?"

"బలమే నిజమన్నారుగా సార్, న్యాయం ఎక్కడిది?"

"కింద చరిత్ర శాఖకు వెళ్తాను!"

"వాళ్ళింకా పద్నాలుగో శతాబ్దంలో ఉన్నారు సార్."

ఆయన ఒక కాలి మీద నుంచి ఇంకో కాలి మీదకు మారారు. "నీ మీద సమాచార హక్కు వేస్తాను చూడు!"

"వేసుకోండి సార్. నాకు ఫెలోషిప్పే రాలేదు. నా ప్రయాణ బిల్లు అంటే ఊరి నుంచి ఎర్రబస్సు టికెట్టే."

ఆ మాటతో ఆయన అణ్వస్త్రం తుస్సుమంది. కానీ వింతేమిటంటే, అంత బాధలోనూ ఆయన మొహం వెలిగిపోయింది. "చూశారా!" అని అరిచారు, ప్రక్కనున్న బీరువాను గట్టిగా పట్టుకుని. "కీలక జలమార్గం! బలప్రయోగం! చిన్న దేశం పెద్ద దేశాన్ని లొంగదీయడం! నేను చెప్పలేదూ? ఇదమ్మా వాస్తవికవాదం! వీటో ఉపసంహరిస్తున్నాను. కాగితం ఇటు తే!"

"హెడ్‌గా పెట్టాలి సార్ సంతకం. హెడ్ లేడు కదండీ?"

ఆయన తీసిన కలం మళ్ళీ జేబులో పెట్టుకోబోయారు. "బోర్డు మళ్ళీ పెట్టానంటే రాజ్యాల మీద ఒక పెద్దరికం ఉందని ఒప్పుకున్నట్టు. నా ముప్పై ఏళ్ళ వాదన..."

నేను బీరువా మీద మంచినీళ్ళ సీసా, రెండు గ్లాసులు ఉంటే తీసి, నిమ్మళంగా ఒక గ్లాసులోంచి ఇంకో గ్లాసులోకి పోసుకుంటూ కూర్చున్నాను.

"గురవయ్యా! బోర్డు!" అని కేక పెట్టారాయన.

బోర్డు దొరికింది, స్క్రూలు దొరకలేదు. గురవయ్య బల్ల కింద పాకుతూ, "ఒకటి కనపడతంది సార్... ఆఁ, కాదు, బొద్దింక," అన్నాడు. వీరభద్రం గారు ఇక ఆగలేక ఎడమ చేత్తో 'శాఖాధిపతి' బోర్డును నెత్తి పైన గోడకు అదిమిపట్టి, కుడిచేత్తో నా కాగితం మీద సంతకం గీసి, బోర్డును గాల్లోనే వదిలేసి నా పక్కనుంచి దూసుకుపోయారు. మా శాఖలో ప్రపంచ ప్రభుత్వం ఆ కాసేపే ఉంది.

ఇక మిగిలింది పరీక్షకుల వారు. షుగరు మనిషి, పాపం అందరికన్నా ఎక్కువ బిగబట్టుకున్నది ఆయనే. నాకు సిగ్గేసి, "ముందు మీరు వెళ్ళొచ్చేయండి సార్, తరవాత సంతకం పెడుదురుగాని," అన్నాను. వెళ్ళొచ్చి, స్థిమితపడి, మందు వేసుకుని, నివేదిక రాసి నా చేతికిచ్చారు. "అభ్యర్థిని ఆరు అధ్యాయాలలో రుజువు చేసిన విషయమును వైవా సమయమున తానే తప్పని రుజువు చేసినారు. ఇట్టి నిష్పాక్షికత అరుదు. రెంటికీ కలిపి ఒక డాక్టరేటు ఇవ్వవచ్చును."

కాగితాలు సంచిలో పెట్టుకున్నాను. నవ్వొచ్చింది, మళ్ళీ ఏడుపొచ్చింది. ఇక కుర్చీ తీసి లోపల పెడదామని వంగితే గురవయ్య పట్టుకున్నాడు.

"కుర్చీ ఉండనివ్వండమ్మా," అన్నాడు.

"ఎందుకు గురవయ్యా?"

"నా ప్రమోషన్ ఫైలు ఎప్పట్నించో వీరభద్రం సార్ సొరుగులో ఉందమ్మా. వారింకా లోపలే ఉన్నారుగా. బయటికి రావాలిగా."

అంటూ నడుం పట్టుకుని మెల్లిగా కూర్చున్నాడు. అప్పటికే వార్త హాస్టల్ దాకా పాకినట్టుంది. మెట్ల మీద చెప్పుల చప్పుడు. ఎమ్మే దేశాలు పదమూడూ ఎన్నడూ రాని డిపార్టుమెంటుకు ఆయాసపడుతూ వచ్చి, ఇంటర్నల్ మార్కుల కోసం గురవయ్య వెనకాల బుద్ధిగా వరసకట్టాయి. అవతల్నించి వీరభద్రం గారు బీరువాను బాదుతున్నారు.

"మీరెళ్ళండమ్మా," అన్నాడు గురవయ్య, కాళ్ళు బారజాపి బీరువాకు ఆనుకుంటూ. "మళ్ళీ బస్సు పోద్ది."